ఊరు ఖాళీ చేయమన్న నోటీసు

ఆటల కంపెనీ వారికి,

నమస్కారాలు. మోకాళ్లు తప్ప నేనిక్కడ క్షేమం. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ మెయిల్ అందింది. జవాబు కూడా మెయిల్లోనే ఇవ్వమన్నారు గానీ, ముఖ్యమైన సంగతులు నేను కాగితం మీదే రాస్తాను.

మీ దగ్గర కొనుక్కున్న ‘ఊరు కట్టు’ ఆట ఈ నెలాఖరు నుంచి తెరుచుకోదని రాశారు. ఎందుకు తెరుచుకోదు? అది నా ముందుగదిలో, కిటికీ పక్క బల్ల మీద, నా కంప్యూటర్లోనే ఉందాయె. మోకాలి ఆపరేషనై మంచంలో ఉన్నప్పుడు మొదలుపెట్టాను. ఇప్పుడా ఊళ్లో వంతెన ఉంది, బడి ఉంది, గడియార స్తంభం ఉంది, బోలెడంత జనం ఉన్నారు. అందరికీ పేర్లు పెట్టింది నేనే.

తెరిచిన ప్రతిసారీ మీ సర్వర్ అనుమతి కావాలట, ఆ సర్వర్‌ని ఆపేస్తున్నారట. అంటే ఇన్నేళ్లూ నేను తలుపు తీసినప్పుడల్లా అవతల ఎవరో ‘ఆవిడదేలే, తీయనివ్వండి’ అంటున్నారా? నాకు తెలియనే తెలియదు. ఎవరు వారు?

ఇట్లు,
ఒక ఇంటి ఓనరు

తా.క.: నిద్రపట్టక వేళకాని వేళ కూడా తలుపు తట్టేదాన్ని. ఏమీ అనుకోవద్దని వారితో చెప్పండి.

*

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మీ ఉత్తరం అందింది. నియమం ప్రకారం మీ పేరు, చిరునామా తీసేసి, టైపు చేయించి నాకు పంపుతారు. పేరుతో పిలవలేకపోతున్నందుకు మన్నించండి.

అనుమతి ఇచ్చేది మనిషి కాదు, మా ఆఫీసులోని ఒక కంప్యూటరు. మీ ఆట తెరుచుకునేటప్పుడు మాత్రమే దాని అనుమతి అడుగుతుంది. అది పాతబడింది. కొత్తది పెట్టే ఉద్దేశం కంపెనీకి లేదు.

మరొక్క మాట. మీరు కొన్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని. దాన్ని కంపెనీ ఎప్పుడైనా ముగించవచ్చు. కొన్న రోజున మీరు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన పత్రంలో ఈ సంగతి ఉంది.

భవదీయుడు,
కస్టమర్ సేవల ప్రతినిధి

తా.క.: ఈ జవాబు మీకు ఎంత సంతృప్తినిచ్చిందో ఒకటి నుంచి అయిదు లోపు అంకెలో తెలియజేయగలరు.

*

ప్రతినిధి గారికి,

సంతృప్తి సున్నా. ఒకటి నుంచి మొదలుపెట్టడం మీ ధీమా.

కొన్నాను గానీ నాది కాదు. ఉండొచ్చు గానీ పొమ్మన్నప్పుడు పోవాలి. మా వ్యవహారంలో దీన్ని అద్దెకుండడం అంటారు. గదులు అద్దెకిచ్చుకుని బతికే మనిషిని, నేనే ఒకరింట్లో అద్దెకుంటున్నానని ఇన్నాళ్లకు తెలిసింది. చెవిలో ఎంత పెద్ద పువ్వు పెట్టారండీ.

సరే, ఆ పద్ధతులు నాకు కొట్టిన పిండి. ఖాళీ చేసేముందు ఓనరు తరఫు మనిషి వచ్చి గోడలు, తలుపులు చూసుకోవాలి. నా ఊరు చూడ్డానికి ఎవర్ని పంపుతున్నారు? సాయంత్రం రమ్మనండి. గడియార స్తంభం మీద దీపాలు వెలుగుతాయి, బాగుంటుంది.

నేనూ పై గదిలో అతన్ని ఈ నెలాఖరుకే ఖాళీ చేయమన్నాను. పొద్దుపోయేదాకా టకటకమని ఒకటే చప్పుడు. ఎందుకు పొమ్మంటున్నారని అతనొక్క మాట అడగలేదు. పైగా ఎదురుపడితే నమస్కారం పెడతాడు. ఇలాంటివాణ్ణి పంపించడం ఎలాగో పాలుపోవడం లేదు.

ఇట్లు,
ఇంటి ఓనరు, మరియు మీ అద్దెదారు

తా.క.: ఆ ముసలి సర్వర్‌ని ఏం చేస్తారు? అరిగిపోయినవాళ్లని మా ఇంట్లో అయితే పారేయరు. నేనే సాక్ష్యం.

*

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మీ ఊరు చూడ్డానికి మనిషిని పంపే పద్ధతి కంపెనీలో లేదు. నాకైతే చూడాలనే ఉంది.

ఇక పై గదిలోని వ్యక్తి సంగతి. అది చాలా తేలిక. అతని మీద రెండుసార్లు నొక్కి, ‘తొలగించు’ అన్నదాన్ని ఎంచుకోండి. సామాన్లతో సహా మాయమైపోతాడు, చప్పుడూ ఆగిపోతుంది. మీరేం మొహమాటపడకండి. అలాంటివారికి ఏమీ అనిపించదు.

భవదీయుడు,
కస్టమర్ సేవల ప్రతినిధి

తా.క.: ఒకసారి తొలగిస్తే మళ్లీ రాడు. నొక్కేముందు ఆలోచించుకోండి.

*

ప్రతినిధి బాబుకి,

నీ ఉత్తరం చూస్తే చిన్నవాడివనిపించింది, అందుకే బాబూ అంటున్నాను. నువ్వు చెప్పినట్టు రెండుసార్లు నొక్కితే అతను పోలీసులను పిలుస్తాడు. అతను ఆటలో బొమ్మ కాదు నాయనా, మా మేడ మీద ఉంటున్న నిజం మనిషి.

అసలు సంగతి చప్పుడు కాదు. ఒక సాయంత్రం నా ఆట ఊళ్లో గడియార స్తంభం ప్రారంభించబోతున్నాను. సరిగ్గా అప్పుడే అతను పైన నీళ్ల హీటరు వేశాడు. ఫ్యూజు ఎగిరిపోయింది, ఊరంతా చీకటి. ‘నా గడియారం పోయింది’ అని కేక పెట్టాను. అతను గబగబా దిగివచ్చి, మా ముందుగది గోడ గడియారం విప్పి బాగుచేయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా అది బాగానే ఉంది. ఆ కోపంలో నోటీసు రాసిచ్చాను.

ఒక్కటి తెలుసుకోవాలనుంది. నెలాఖరున తలుపు పడ్డాక లోపల ఏమవుతుంది? దీపాలు వెలుగుతూనే ఉంటాయా? బడి గంట ఎవరైనా కొడతారా? ఆ ఊళ్లో పడవ నడిపే ఆవిడకు మా అక్క పేరు పెట్టాను. అక్క పోయి చాలా కాలమైంది. ఆ పడవ అవతలి ఒడ్డుకు చేరిందని చూసుకున్నాకే నాకు తెల్లారినట్టు. అది చూడకుండా రోజు ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియడం లేదు. దిగులుగా ఉంది.

ఇట్లు,
ఇంటి ఓనరు

తా.క.: ఆ రోజు ఫ్యూజు మళ్లీ వేసిందీ అతనే. ఫ్యూజు పెట్టె అతని గదిలోనే ఉంది, నేను మెట్లెక్కలేను. న్యాయం న్యాయమే కదా, అందుకని రాస్తున్నాను.

*

పిన్నిగారికి,

నమస్కారాలు. ఈ కవరు మీద స్టాంపు లేదని చూసే ఉంటారు. తలుపు కింద నుంచి తోశాను. గోడ గడియారం విప్పింది నేనే.

కంపెనీకి వచ్చే కాగితపు ఉత్తరాలకు ఇంటి నుంచి జవాబులు రాయడం నా ఉద్యోగం. మీరు విన్న టకటకలో కొంత మీకు రాసిన జవాబులదే. ‘పై గది’ అని చదివి కూడా ఆటలో బొమ్మే అనుకున్నాను. నన్ను నొక్కి తీసేయమని, సామాన్లతో సహా పోతానని, నాకేమీ అనిపించదని మీకు నేనే సలహా ఇచ్చాను. అనిపిస్తుంది పిన్నిగారూ. ఎందుకు పొమ్మంటున్నారని అడగడానికి మొహమాటపడ్డాను, అంతే.

లోపల ఏమవుతుందని అడిగారు. నాకూ తెలుసుకోవాలనిపించి మా ఇంజనీరును అడిగాను. ఆట మూసేస్తే ఎక్కడి పడవ అక్కడే ఆగిపోతుందట. కానీ అనుమతి అడిగేది తెరిచేటప్పుడే కదా. మూయని తలుపును మళ్లీ తెరిచే పనేముంది? నెలాఖరు లోపే ఆట తెరిచి, ఇక కంప్యూటరు ఆపకండి. కరెంటు పోతే నా బ్యాటరీ పెట్టె ఒక అరగంట ఆదుకుంటుంది, తెచ్చి తగిలిస్తాను. ఆలోగా ఫ్యూజు వేయడానికి మాత్రం పైన ఎవరో ఒకరు ఉండాలి. మీరు మెట్లెక్కలేరు.

కాబట్టి నేను ఖాళీ చేస్తే మీ ఊరు కూడా ఖాళీ అవుతుంది. ఇది బెదిరింపు కాదు, కంపెనీ సలహా అంతకన్నా కాదు. హీటరు కట్టిపెట్టేశాను. చన్నీళ్లు ఒంటికి మంచివంటారు. నాకింకా నమ్మకం కుదరలేదు.

ఇట్లు,
మీ పై గది

తా.క.: సాయంత్రం దిగివస్తాను. గోడ గడియారం జోలికి వెళ్లను. ఊరు చూడ్డానికి కంపెనీ తరఫున మనిషిని పంపమన్నారు కదా.