పదిహేడో సంచిక

జూన్ 11

నువ్వే చంపావు. ఇంకెవరో కాదు. ఈ నోట్‌బుక్ ఎప్పుడైనా ఎవరి చేతిలోనైనా పడితే, చదువుతున్న నిన్నే అంటున్నాను. మీ మేనత్త రాసుకున్న పుస్తకాల్ని పాత పేపర్లతో కలిపి తూకానికి వేసింది నువ్వు. లైబ్రరీ మూసేస్తారట అంటే ఫోన్లో ఒక ఏడుపు బొమ్మ పెట్టి, అదే సాయంత్రం ఆ గుమ్మం ముందునుంచే తల తిప్పకుండా నడిచి వెళ్లింది నువ్వు. ప్రభుత్వాన్ని తర్వాత తిడతాను. ముందు నిన్ను.

మునిసిపాలిటీ నోటీసు వచ్చింది. మా లైబ్రరీ మేడమీద రీడింగ్ రూమూ, దాని వెనక పాత కాగితాల గదీ ఖాళీ చేస్తే అక్కడ సేవా కేంద్రం పెడతారట. ఎవరికి సేవ? ఇరవై నాలుగున ఇన్‌స్పెక్షన్. మా దగ్గరున్న కాగితాలకి ‘ప్రజోపయోగం’ ఉందో లేదో కమిషనర్ వచ్చి చూసి తేలుస్తాడట.

ఎనిమిది పేజీల కరపత్రం రాశాను. మా ఆయన చదివి, మొదటి పేరాలోనే తిట్లన్నీ అయిపోయాయి కదా, మిగతా ఏడు పేజీలూ ఏం చేస్తావే అన్నాడు. ఇంకో రెండు పేజీలు కలిపాను.

జూన్ 13

లైబ్రరీ ఎదురు షాపు టైలరమ్మ వచ్చింది. పదిహేనేళ్లుగా ఆవిడ మిషన్ చప్పుడు వింటున్నానుగానీ మెట్లెక్కి పైకి రావడం ఇదే మొదటిసారి. చెప్పులు బయట విప్పబోతే వద్దన్నాను, ఇదేమీ గుడి కాదన్నాను. అలవాటక్కా, మా షాపులో బట్ట పరిచే చోటికి చెప్పులతో వెళ్లం కదా అంది.

వాళ్లమ్మ నూలు మిల్లులో పనిచేసింది. పోయినేడు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. అన్నీ అర్థమవుతాయి, చేతుల్లో ఎడమదొక్కటే ఆడుతుంది. మిల్లు మూసేసినప్పుడు ఆడవాళ్లు చేత్తో రాసి క్యాంటీన్ గోడకి అంటించిన పత్రికలో మీ అమ్మ కూడా రాసిందే అని మొన్న ఎవరో పాత స్నేహితురాలు చెప్పిందట. మాకు ఒక్క ముక్క చెప్పలేదక్కా, బజారు చీటీ రాయమన్నా నాకు రాదే అనేది, ఎంత దొంగో చూడు అని నవ్వింది. తర్వాత నవ్వలేదు. అది అమ్మకి చదివి వినిపించాలక్కా అంది.

ఆ పత్రిక మా గదిలోనే ఉంది. నలభై ఒక్క సంచికలు. ప్యాకింగ్ కాగితం వెనకవైపు, వంకాయరంగు సిరాతో. ప్రపంచం మొత్తం మీద ఉన్నది ఈ ఒక్క ప్రతే. రిజిస్టర్ చూశాను. వాళ్లమ్మ రాసింది పదిహేడో సంచిక.

ఇన్‌స్పెక్షన్ కోసం కట్టలన్నీ సర్ది పెట్టాం, అది అయ్యాక నేనే మీ ఇంటికొచ్చి చదువుతానన్నాను. నలభై ఏళ్లు దాచింది, పది రోజులు ఆగలేదా అక్కా అంది.

జూన్ 20, ఉదయం 6.10

కప్పు కారింది. పాత కాగితాల గదిలో. సరిగ్గా మిల్లు కట్ట మీద.

జూన్ 20, మధ్యాహ్నం

మూడేళ్లలో ఆ కప్పు గురించి మునిసిపాలిటీకి పదకొండు ఉత్తరాలు రాశాను. పదకొండింటికీ నకళ్లున్నాయి. అవి మాత్రం తడవలేదు.

కట్ట తడిసి బరువెక్కింది. అయినా అక్షరాలున్నాయి. అంచుల్లో కాస్త రంగు దిగిందంతే.

జూన్ 21

బైండర్ బాబాయ్‌తో గొడవ. ఈ లైబ్రరీ పుస్తకాలకి నలభై ఏళ్లుగా అట్టలు కుడుతున్న మనిషి. కాగితాలు చూసి, వాసన చూసి, వేలి వెనకవైపుతో తాకి, ఒక్కోటీ విడదీసి, కింద అద్దుడు కాగితం, పైన అద్దుడు కాగితం, నీడలో పది రోజులు, రోజూ మార్చాలి అన్నాడు. ఫ్యాన్ కూడా పెట్టొద్దట.

పది రోజులెక్కడివి బాబాయ్, మూడు రోజుల్లో కమిషనర్ వస్తున్నాడు, ఈ పీలికలు చూపిస్తే ఇదా మీ ఆర్కైవ్ అని నవ్విపోతాడు అన్నాను. ఎదురు సందులో జిరాక్స్ వాళ్ల లామినేషన్ మిషన్ ఉంది, ప్లాస్టిక్‌లో వేస్తే ఇక నీళ్లూ లేవు పురుగూ లేదు, వందేళ్లు ఉంటాయన్నాను.

తడిసిన పిల్లని తుడవకుండా గోనెసంచిలో పెట్టి మూతి కుట్టేస్తావా తల్లీ అన్నాడు.

సైన్స్ బాబాయ్, సైన్స్, మీ కాలం పద్ధతులు మీ కాలానికి బాగానే ఉన్నాయి అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. మైకు ముందు వాడే గొంతు అది. ఈ వీధిలో నన్ను మైకక్క అని ఊరికే అనరు.

బాబాయ్ కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నీ ఇష్టం అన్నాడు. ఆయన నీ ఇష్టం అన్నాడంటే తలుపు వేసేసినట్టే.

జూన్ 22

నలభై ఒకటీ అయ్యాయి. ఇస్త్రీపెట్టెతో పైపైన ఆరబెట్టి నా చేత్తోనే మిషన్‌లో పెట్టాను. రెండు మూడింట్లో చిన్న బుడగలు కనిపించాయి, గుడ్డతో నొక్కేశాను. తళతళలాడుతున్నాయి. అద్దాల్లా.

జూన్ 24

గెలిచాం.

జూన్ 25

నిన్న సంతోషంతో ఒక్క మాటకి మించి రాయలేకపోయాను. కమిషనర్ ఆ ప్లాస్టిక్ షీట్లు ఒక్కొక్కటే ఎత్తి వెలుగులో చూసి, చాలా ప్రొఫెషనల్‌గా మెయింటెయిన్ చేస్తున్నారే అన్నాడు. చదవలేదు. ఒక్క వాక్యమైనా చదవలేదు. మెరుపు చూసి మురిసిపోయాడు. గది మనదే, కప్పు కూడా వేయిస్తామని రాతపూర్వకంగా ఇచ్చాడు.

బాబాయ్ రాలేదు. కబురు పంపితే ఒంట్లో బాగోలేదన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి అని మా ఆయనతో అన్నాను. ఎవరు అని అడిగాడు.

టైలరమ్మ కిటికీలోంచి చెయ్యి ఊపింది. పెళ్లిళ్ల కుట్టుపని మీద పడిందట, అది తెమలగానే చెప్తాను, అప్పుడు రా అక్కా అంది.

జులై 12

ఏం రాయాలి.

జులై 13

రాస్తాను. కట్ట విప్పాను. ఇవాళ టైలరమ్మ ఇంటికి వెళ్లాలని నిన్న పొద్దున పదిహేడో సంచిక తీశాను. ప్లాస్టిక్ లోపల సిరా నడిచింది. అక్షరం పక్క అక్షరంలోకి, గీత పక్క గీతలోకి. మధ్యలో పెద్ద వంకాయరంగు మేఘం. దాని చుట్టూ నల్లని చుక్కలు, బూజు. పైనుంచి నాలుగు పంక్తులు మిగిలాయి.

మిగతావీ చూశాను. పదిహేడుతో కలిపి ముప్పై మూడు ఇంతే. ఎనిమిది బాగున్నాయి. కట్ట అడుగున ఉండి తడవనివి.

వెంటనే కరపత్రం మొదలుపెట్టాను. ‘కారిన కప్పు, కరిగిన చరిత్ర: మునిసిపాలిటీయే దోషి.’ పేజీన్నర పరుగెత్తింది చెయ్యి. నీళ్లు కప్పునుంచి వచ్చిన మాట నిజం. కానీ ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం అక్షరాలున్నాయి. నేనే రాశాను, మూడు పేజీల వెనక ఉంది. ఆ తర్వాత వాటిని ముట్టుకున్నది మునిసిపాలిటీ కాదు.

చింపేశాను.

బాబాయ్ ఇంటికి వెళ్లాను. చెప్పానుగా అంటాడనుకున్నాను. అంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనేదాన్ని. ఆయన షీటు తీసుకుని అంచు మీద కత్తి ఆనించి, ఆపేశాడు. జిగురు కాగితంలోకి దిగిపోయింది, తీస్తే సగం అక్షరం ప్లాస్టిక్‌తో వచ్చేస్తుంది అన్నాడు. ఏమైనా చెయ్యొచ్చా అని అడిగాను. ఉన్నది ఉన్నట్టు నీడలో పెట్టు అన్నాడు. షీటు తిరిగి నా చేతికిస్తూ, ఆ రోజు నేనైనా గట్టిగా అరవాల్సింది తల్లీ, నాకు అరవడం చేతకాదు అన్నాడు.

ముప్పై ఏళ్లుగా కార్మికుడి మాట వినండి వినండి అని ఊరూరా మైకులు పగలగొట్టాను. నా ఎదుట నిలబడి ఒక కార్మికుడు తన పని గురించి చెప్తే, మీ కాలం పద్ధతులు అన్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడింది అన్నాడు మా ఆయన. వెక్కిరించడానికి కాదు. టీ ఇచ్చి, పక్కన కూర్చుని అన్నాడు. అదే ఎక్కువ మండింది.

ఇంకొకటి కూడా రాయాలి. పదేళ్ల కింద ఆ కట్టని రిజిస్టర్‌లోకి ఎక్కించింది నేనే. మిగతా వాటిలోంచి నా ఉపన్యాసాలకి బోలెడు వాక్యాలు ఎత్తుకున్నాను. అవన్నీ ఇప్పటికీ నోటికొస్తాయి. పదిహేడు ఎదురుగా మాత్రం నా చేతిరాతతో ఇలా ఉంది: సొంత విషయాలు, ఉద్యమానికి సంబంధం లేదు. అందుకే అందులో ఏముందో ఒక్క వాక్యం కూడా నాకు గుర్తులేదు.

జులై 16

వెళ్లాను.

చెప్పేయాలనే బయల్దేరాను. టైలరమ్మ వాళ్లమ్మకి కొత్త జాకెట్టు కుట్టి తొడిగి, తల దువ్వి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. నీ రాత పట్టుకుని అక్కొచ్చింది చూడమ్మా, మా అబద్ధాలకోరా అంటోంది. ఆ ముసలావిడ కళ్లు నా చేతిలోని షీటు మీదే ఉన్నాయి. చదవడం మొదలుపెట్టాను.

మిగిలిన నాలుగు పంక్తులూ ఇవీ:

‘మొదటి షిఫ్టు సైరన్‌కి ముందు నేను పది నిమిషాలు గేటు బయట ఊరికే నిలబడేదాన్ని. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు గేటుకి తాళం పడింది కాబట్టి చెప్తాను. ఆ పది నిమిషాలూ నేను ఎవరికీ’

అక్కడితో సరి. ఆ తర్వాత మేఘం.

నేను ఆగలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఎవరికీ తలవంచని మనిషిని అని అందుకున్నాను. యజమానికీ కాదు మేస్త్రీకీ కాదు, మా చేతులు ఆగితే మీ మిల్లు ఆగుతుంది అని గడగడా అల్లుకుంటూ పోయాను. కళ్లు కాగితం మీదే, వేలు పంక్తి కింద కదుపుతూ. బాగా వచ్చింది కూడా. టైలరమ్మ కళ్లు తుడుచుకుంది.

మంచం మీద చప్పుడైంది. ముసలావిడ ఎడమ అరచేత్తో మంచంపట్టె మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. తల అడ్డంగా ఊపుతూ కొడుతూనే ఉంది. ఆవిడ మొహంలో కోపం చూశాను. మంచి కోపం, తనదాన్ని ఎవరో ఎత్తుకుపోతుంటే వచ్చేది.

టైలరమ్మ నా చేతిలోంచి షీటు లాక్కుని చూసింది. బట్ట మీద మరక చూసే మనిషి ఆవిడ, ఒక్క చూపు చాలు. అక్కా, ఇక్కడేం లేదుగా అంది.

అంతా చెప్పాను. బాబాయ్ వద్దన్నది, నేను విననిది, రిజిస్టర్‌లో రాసింది కూడా. చెప్తున్నంతసేపూ ఆవిడ ఆ షీటునే తిప్పి తిప్పి చూసింది. నా దగ్గర తప్పు కత్తిరిస్తే గుడ్డ కొని ఇస్తానక్కా, నువ్వేం కొని ఇస్తావు అంది. అరవలేదు. కాస్త అవతల కూర్చో అంది.

గుమ్మంలో కూర్చున్నాను. ఆవిడ మంచం మీదికి ఎక్కి, అమ్మ ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్కటే అడిగింది. భయమేసేదా అమ్మా? కాదన్నట్టు అరచేత్తో కొట్టింది. ఎవరికోసమైనా చూసేదానివా? కొట్టింది. మా గురించి బెంగా? కాసేపు ఆగి కొట్టింది. ఓసి నీ, మా మీద బెంగ కూడా లేదటే అని నవ్వింది కూతురు. ఇంట్లోవాళ్లకీ మిల్లువాళ్లకీ ఎవరికీ దొరక్కుండా ఒక్కదానివీ ఉండేదానివా? చెయ్యి కదల్లేదు. వేలు ఒకటి లేచింది.

ఒక్కదానివీ ఏం చేసేదానివి, ఆకాశం చూసేదానివా? కొట్టింది. పాడుకునేదానివా?

వేలు లేచింది. దింపలేదు.

మా ఇంట్లో ఒక్కనాడూ పాడలేదే అంది టైలరమ్మ. నేను లేచి వచ్చేశాను. వాళ్లు చూడలేదు.

జులై 19

లైబ్రరీ కమిటీకి నా డిమాండ్లు:

1. ముప్పై మూడు సంచికలు ఎవరివల్ల పోయాయో నోటీసు బోర్డు మీద రాయాలి. నా పేరుతో. కప్పు గురించి వేరే కాగితం మీద రాయాలి.

2. పాత కాగితాల గది తాళం బైండర్ బాబాయ్ దగ్గర ఉండాలి. ఆయన వద్దంటే వద్దు.

3. చెరిగిన చోట చెరిగింది అనే చదవాలి. ఎంత బాగా మాట్లాడేవాళ్లైనా సరే.

4. రిజిస్టర్‌లో ‘సంబంధం లేదు’ అని నేను రాసిన ప్రతి పంక్తినీ ఇంకొకరు మళ్లీ చదివి రాయాలి. మొత్తం అరవై రెండున్నాయి, లెక్కపెట్టాను.

5. ఆ పత్రికలో రాసినవాళ్లు ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. ఈ వారమే వెళ్లాలి. అడిగేది టైలరమ్మ, ఒప్పుకుంటే. రాసేది బాబాయ్.

6. నన్ను తీసుకెళ్తే సంచి మోయడానికి మాత్రమే తీసుకెళ్లాలి.