ఈ బూడిద ఏ పద్దు కిందికి వస్తుంది?

కాకినాడ, 3 ఆగస్టు 1897

రంగూన్ మీదుగా వచ్చే స్టీమర్‌లో ఇవాళ మా బావ వచ్చాడు. డబ్బాలో.

సింగపూరులో జ్వరం వచ్చి పోయాడట. అక్కడే దహనం చేశారట. డబ్బా చిన్నదైపోయి, ఎముకలు పట్టక నూరి పోశారట. తెచ్చిన ఓడ సరంగు ఇంతే చెప్పి, సరుకు దించాలని వెళ్లిపోయాడు. నూరారా! ఎవరు నూరారు? దేంతో? 

నేను కస్టమ్స్ హౌస్‌లో రైటర్‌ని. ఓడ దిగిన ప్రతి సరుకుకీ పద్దు రాసేది నేనే. చెల్లెలి మొగుడికి ఏం పద్దు రాయను?

కనకవల్లికి చెప్పాను. ఏడవలేదు. డబ్బా ఏదన్నయ్యా అంది.

5 ఆగస్టు

మా కస్టమ్స్ దొర డబ్బా వదలనన్నాడు. పోయిన నెల ఎవడో విభూతి అని చెప్పి ఏదో రసాయనం దించుకుపోయాడట. మద్రాసు నుంచి ఈయనకి చీవాట్లు వచ్చాయట. ఆ వెధవ చేసిన పనికి మా బావ గోడౌన్‌లో కిరసనాయిలు టిన్నుల మధ్య పడి ఉండాలి.

ఎముకల ఎరువా, రసాయనమా? ఒకదానికి డ్యూటీ లేదు, రెండోదానికి నూటికి ఐదు. టారిఫ్ పుస్తకమంతా తిరగేశాను. మనిషి అన్న పద్దు లేదు. మద్రాసుకి రాసి సలహా అడుగు అన్నాడు దొర. డ్రాఫ్ట్ నేనే రాశాను. దస్తూరీ బాగుందని మెచ్చుకున్నాడు, నా ఖర్మ.

అస్థులు గోదాట్లో కలిపాకే దాని గాజులు తీయిద్దాం, అంతదాకా ఎవరూ ఆ మాట ఎత్తకండి అంది అమ్మ. కనకం మూల గదిలోంచి బయటికి రావడం లేదు.

19 ఆగస్టు

మద్రాసు జవాబు వచ్చింది. శాంపిల్ పంపాలట. కెమికల్ ఎగ్జామినర్ చూసి ఏ పద్దో చెప్తాడట.

దొర మంచివాడే పాపం. పరాయి చెయ్యి పడకుండా నువ్వే తియ్యి, సీల్ నేను వేస్తాను అన్నాడు.

మూత తీశాను. చెంచా చేతిలో ఉంది. నాన్న లేడు కాబట్టి పెళ్లిలో బావ కాళ్లు కడిగి కనకాన్ని ఆయన చేతిలో పెట్టింది నేనే. ఇప్పుడు అదే చేత్తో ఆయన్ని చెంచాలోకి తీయాలి. మద్రాసులో ఎవడో సీసాలో వేసి యాసిడ్ పోస్తాడు. పని అయ్యాక ఏ మురుక్కాలవలోనో పారబోస్తాడు. కలిపితే మనిషినంతా గోదాట్లో కలపాలి గానీ, ఇదేంటి? నా వల్ల కాలేదు. మూత పెట్టేశాను.

20 ఆగస్టు

పొద్దున్నే మా పొయ్యిలోంచి పిడికెడు బూడిద తీసి, జల్లించి, పొట్లం కట్టాను. దొర సీల్ వేశాడు. బూడిద బూడిదే, వాళ్లకేం తెలుస్తుంది? బావలో చిటికెడు కూడా తగ్గలేదు.

7 సెప్టెంబరు

ఆర్డర్ వచ్చింది. ఇది వట్టి కట్టెల బూడిద. మనిషి ఎముక గాని, జంతువు ఎముక గాని అణువంత కూడా లేదు. ఎరువుల పద్దు. డ్యూటీ లేదు. వదిలేయవచ్చు.

ఒక్క క్షణం సంతోషించాను, బుద్ధిలేనివాణ్ణి.

బంట్రోతు ఏసుపాదం శుభవార్త అనుకుని నాకంటే ముందే మా ఇంటికి పరిగెత్తాడు. అమ్మగారండీ, అది మీ అల్లుడుగారు కాదంటండి, ఉత్త కట్టెల బూడిదంటండి, మద్రాసు దొరలు తేల్చేశారండి అన్నాడట.

నేను వెళ్లేసరికి కనకం తలంటు పోసుకుని ఉంది. నెల దాటింది ఆ జుట్టు దువ్వి. నన్ను చూసి నవ్వింది. సర్కారువారు అబద్ధం రాస్తారేంటన్నయ్యా, ఆ సరంగు ఎవరి డబ్బానో తెచ్చి మన నెత్తిన పెట్టాడు, వారు వస్తారు చూడు అంది. అమ్మ దేవుడి ముందు బోర్లా పడి ఏడుస్తోంది, సంతోషంతో. అల్లుడు రాగానే అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకుంది.

నిజం చెప్పకుండానే కాళ్లు కడుక్కోవడానికి నూతి దగ్గరికి వెళ్లాను. 

8 సెప్టెంబరు

ఇవాళా చెప్పలేదు.

10 సెప్టెంబరు

ఎన్నాళ్లని దాస్తాను? ఉద్యోగం పోతే పోయింది. జైల్లో పెడితే పెట్టనీ. దొర కోరంగి క్యాంప్ నుంచి రేపు వస్తాడు, డబ్బా విడుదలకి సంతకం పెడతాడు. రాజమండ్రికి పడవ మాట్లాడతాను. అమ్మనీ కనకాన్నీ తీసుకెళ్లి గోదారి ఒడ్డున చెప్తాను. తిట్టనీ, కొట్టనీ. దాని మొగుడు పోయాడని దానికి మళ్లీ నేనే చెప్పాలి. దేవుడా!

11 సెప్టెంబరు

పడవ కుదుర్చుకుని ఆఫీసుకి వెళ్తే గోడౌన్‌లో డబ్బా లేదు. దొర పొద్దున్నే వచ్చాడట. సంతకం పెట్టి, నాకు శ్రమ లేకుండా ఏసుపాదం చేత మా ఇంటికి పంపించేశాడట. పరిగెత్తాను.

కనకం పెరట్లో నూతి దగ్గర ఉంది. ఇంట్లో ఇత్తడి సామానంతా కడిగి ఎండలో బోర్లించింది. బిందెలు, చెంబులు, కంచాలు. పక్కన డబ్బా. ఖాళీ.

ఎంత మెత్తటి బూడిదో అన్నయ్యా, ఒక్క గీత పడలేదు, అద్దంలా వచ్చాయి చూడు అంది. వారు వచ్చేసరికి ఇల్లంతా ఇలా ఉండాలి అంది. మోచేతుల దాకా బూడిద. గాజుల మీదా బూడిదే.

తోమిన నీళ్లు అరటి పాదుల్లోకి పోయాయి.

12 సెప్టెంబరు

ఇంక ఎప్పటికీ చెప్పను.

కనకం తోమిన కంచంలో అన్నం పెట్టింది. ఉప్పు ఎక్కువైందా అన్నయ్యా, అలా ఉన్నావేంటి అంది. బాగుందమ్మా అన్నాను. తిన్నాను.