ముందు పాతగుడ్డ మీద

నా చిన్నదానికి అమ్మ రాస్తున్నది. ప్రభువు పేరట మీ ఇంట్లో అందరికీ వందనాలు.

ముందు నీ ఒంట్లో ఎలా ఉందో చెప్పు. తల తిరగడం తగ్గిందా? ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా, లేక డబ్బా మొహం చూసి మళ్ళీ మూత పెట్టేస్తున్నావా? అల్లుడుగారి నడుంనొప్పి ఎలా ఉంది? బరువులెత్తొద్దని నేనన్నానని చెప్పు. మీ అత్తగారి కన్ను ఆపరేషన్ అయ్యాక చుక్కలు వేళకి వేస్తున్నారా? ఆవిడ మొహమాటస్తురాలు, నొప్పి ఉన్నా చెప్పదు, నువ్వే అడగాలి. పాపకి ఊగే పన్ను ఊడిందా? నిద్రలో మింగేస్తుందేమోనని రెండు రోజులుగా నాకదే ఆలోచన. మింగినా ఏం కాదంటారు మీ నాన్న. ఆయనకేం తెలుసు, గడియారాలు బాగుచేసే మనిషి. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఆయన దగ్గు ఆయనకుంది, నా మోకాళ్ళు నాకున్నాయి, కొత్తగా ఏమీ రాలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కూడబలుక్కుని చదివేదాన్ని, నాలుగుసార్లంటే రెండు రోజులు పట్టింది. బాబు పోయి ఎనిమిది నెలలైనా, ఆదివారం చర్చి గేటు దాకా వెళ్ళి, పాపని అల్లుడుగారికి అప్పజెప్పి, నువ్వు బస్టాపులో కూర్చుంటున్నావని చదివి నాకు అన్నం దిగలేదు. మీ సంఘంలో కౌన్సిలింగ్ చేసేది పాస్టర్‌గారి భార్యే, ఆవిడ ముందు నోరు విప్పలేనన్నావు. విశ్వాసి కానివాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి మనసొప్పదన్నావు. మీ ఊళ్ళో ఎవరైనా ఉంటే చూసిపెట్టమ్మా అన్నావు. చూశాను తల్లీ. అందుకే జవాబు ఆలస్యమైంది.

నువ్వు అడగమన్న నాలుగు ప్రశ్నలూ ఒక కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. చెప్పినవి పాస్టర్‌గారి చెవిన పడతాయా. దేవుడి మీద కోపంగా ఉందంటే పాపమంటారా. భర్త కూడా రావాలా. ఆసుపత్రిలో విన్న ఆ మాట మళ్ళీ అంటారా. కింద నా ప్రశ్నలు ఇంకో తొమ్మిది చేర్చాను, మెట్లెన్ని, కుక్క ఉందా, ఇలాంటివి. అది చూసి మీ నాన్న, నువ్వు వెళ్ళేది కౌన్సిలర్‌ని చూడటానికా, పెళ్ళికొడుకుని చూడటానికా అన్నారు. నవ్వితే నవ్వనీ. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రి బట్టలు ఇస్త్రీ చేశాను. పెట్టె ఎంత వేడిగా ఉందో తెలీనప్పుడు మంచి బట్ట మీద ఎవరూ పెట్టరు. ముందు పాతగుడ్డ మీద ఆనించి చూస్తాం. ఆ పాతగుడ్డని నేనే అవుదామనుకున్నాను.

మొదట ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆసుపత్రుల్లో మంచాల దగ్గర కూర్చుని ప్రార్థన చేసే పని చేసి రిటైరయ్యారట. వాళ్ళ చర్చి వెనక గదిలో చూస్తారు. ఎంత మంచి మనిషో. నా మోకాళ్ళు చూసి ఎత్తు కుర్చీ ఆయనే మోసుకొచ్చారు. నేను సగం చెప్పానో లేదో, ఒక వాక్యం చదువుకుందామమ్మా అని బైబిలు తెరిచారు. ఆ గొంతు వింటుంటే చెరువు గట్టున కూర్చున్నట్టు నా ప్రాణం హాయిగా ఉంది, ఎందుకొచ్చానో కూడా మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చింది, నువ్వు రాశావు కదా, ఎవరైనా నా ముందు బైబిలు తెరిస్తే లేచిపోవాలనిపిస్తోందని. మనిషి బంగారమే, నీకు కుదరడు అనుకున్నాను.

రెండో ఆయనతో ఫోన్లోనే అయిపోయింది. పెద్ద పేరున్న మనిషి. బిడ్డ పోయిన తల్లి అనగానే, అమ్మా, నేను భార్యాభర్తల గొడవలు చూస్తాను, ఈ పని నాకంటే బాగా చేసే ఆవిడ ఉన్నారు అని ఆవిడ నంబరు చెప్పారు, నేను తప్పు రాసుకుంటానేమోనని రెండుసార్లు చెప్పారు. నాకు రాదు అని చెప్పడానికి ఎంత చదువు కావాలో అనుకున్నాను.

ఆవిడ గది కళ్ళజోళ్ళ షాపు పైన. మెట్లు ఇరవై రెండు, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. కుక్క లేదు. రెండు కుర్చీలు ఎదురెదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా వేసి ఉన్నాయి, చూపు కలపక్కర్లేకపోతే కిటికీ వైపు చూసుకోవచ్చు. గడియారం వచ్చినవాళ్ళకి కనపడేలా పెట్టింది. నా కాగితం తీస్తే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, పదమూడు ప్రశ్నలకీ కూర్చుని జవాబు చెప్పింది. ఇక్కడి మాట గడప దాటదంది, ఎవరి ప్రాణానికైనా అపాయం ఉంటే తప్ప, అదీ మనకి చెప్పే చేస్తుందట. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే సర్టిఫికెట్లు చూపించింది, ఇప్పటికీ నెలకోసారి తన పని తనకంటే పెద్దావిడకి చూపించుకుంటుందట. అల్లుడుగారు రావాలా వద్దా అన్నది నీ ఇష్టం. ప్రార్థన నువ్వడిగితే చేస్తుంది, అడక్కపోతే తన మనసులో చేసుకుంటుంది. మూడుసార్లు వచ్చాక కుదరలేదనిపిస్తే మొహమాటపడకుండా చెప్పమంది, ఇంకొకరి పేరు తనే చెప్తుందట. దేవుడి మీద కోపం సంగతి అడిగాను.

"కోపం ఉంటే కోపంతోనే రమ్మనండి. మెట్ల కింద వదిలేసి రావక్కర్లేదు" అంది.

చివరగా నాలుగో ప్రశ్న అడిగాను. దేవుడు తనకి నచ్చిన పువ్వుని ముందు కోసుకుంటాడు అన్న మాట మీరెప్పుడైనా అంటారా అని. ఎప్పుడూ అనదట. తర్వాత, "ఆ మాట మీ అమ్మాయితో అన్నదెవరో మీకు తెలుసా?" అంది.

ఇక్కడ కలం ఆపి, వంటింట్లో గ్యాసు కట్టేశానో లేదో చూసొచ్చాను. కట్టేసే ఉంది. ఇంక సాకులు లేవు.

ఆసుపత్రిలో ఎవరో అన్నారమ్మా అని రాశావు నువ్వు. ఎవరో కాదు, నేనే. నీకూ తెలుసు. నా పరువు పోకూడదని ఎవరో అని రాశావు. ఆ రోజు నేను బాబు దుప్పటి మడత పెడుతున్నాను. మంచమంతా దుప్పట్లు మడతపెట్టిన చేతులకి ఆ జానెడు గుడ్డ మడత పడలేదు. నువ్వు ఏడవట్లేదు, మాట్లాడట్లేదు. ఆ నిశ్శబ్దానికి భయమేసి, చావు ఇళ్ళల్లో ఎవరో ఎవరితోనో అనగా విన్న మాట నోటికొస్తే అనేశాను. నువ్వు గోడ వైపు తిరిగిపోయావు. అప్పుడే తెలిసింది. అయినా ఎనిమిది నెలలు, మాత్రలు వేసుకున్నావా, అన్నం తిన్నావా అని అడిగానే గాని, తప్పయిందే తల్లీ అనలేకపోయాను. ఆ బుజ్జి మొహం దేవుడు కోసుకున్న పువ్వు కాదు. నీ బిడ్డ. నా మనవడు. ఎందుకు పోయాడో నాకు తెలీదు. ఆ రోజు తెలీదు అనే అనాల్సింది.

ఇదంతా ఆవిడకి చెప్పేశాను, అడగడానికి వెళ్ళినదాన్ని. తిడుతుందనుకున్నాను. "మీకు ఆ రోజు ఎవరైనా తోడున్నారా?" అంది, అంతే. ఎవరూ లేరు అంటూ ఆ కుర్చీలో కూర్చుని కొంగు తడిసేదాకా ఏడ్చాను. పాతగుడ్డ కాలలేదమ్మా. నిన్ను పంపొచ్చు.

నేనూ మళ్ళీ రావచ్చా అని అడిగాను, సిగ్గు విడిచి. కుదరదంది, మెత్తగానే. తల్లినీ కూతుర్నీ ఇద్దరినీ చూస్తే ఒకరి మాట ఒకరికి అడ్డమొస్తుందట. మీలో ఎవరో ఒకరే, మీరే ఆలోచించుకోండి, మీరు చెప్పింది మాత్రం నా నోట మీ అమ్మాయికి తెలియదు, చెప్పాల్సింది మీరే అంది. ఆలోచించడానికేముంది. ఆ కుర్చీ నీది.

నా సంగతి బెంగ పెట్టుకోకు. ఆ మొదటి పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. నీకు పనికిరానిది నాకు సరిగ్గా సరిపోయింది. సొంతంగా గబగబా చదువుకోలేనిదాన్ని, ఎవరైనా చదివి వినిపిస్తే చాలు నాకు. ప్రతి బుధవారం ఆయన చదువుతారు, నేను వింటాను, తర్వాత ఒక్కో మాటా బయటికొస్తోంది. ఇంట్లో మాట్లాడటం తగ్గించావు, అక్కడేమైనా మిగిలిస్తున్నావా అంటారు మీ నాన్న.

నీ మీద నా బలవంతం లేదు. నేను చెప్పినా ఆవిడ నీ పేరు పుస్తకంలో ఎక్కించలేదు, పెన్సిలుతో ఒక గీత పెట్టి, అమ్మాయి స్వయంగా ఫోన్ చేస్తేనే పెన్నుతో రాస్తానంది. నంబరు కవరు లోపల వైపు రాశాను, మీ నాన్న చేత సరిచూపించాను, అంకెలు మాత్రమే చూపించాను. నా మీద కోపముంటే ఇంటికి రాకుండా స్టేషన్ నుంచి నేరుగా వెళ్ళి అట్నుంచే వెళ్ళిపో, నేనేమీ అనుకోను. ఇంటికొస్తే తలుపు గడియ పెట్టి ఉండదు, నేను మాట్లాడకుండా పక్కన కూర్చోవడం నేర్చుకుంటున్నాను. మీ ఊరి నుంచి ఏడున్నర బండెక్కితే వేళకి అందుతావు. ఆవిడ గీత పెట్టిన రోజు వచ్చే నెల పన్నెండో తారీఖు, మంగళవారం, పదకొండు గంటలకి.

ఇట్లు,
తప్పు ఒప్పుకుంటున్న
నీ అమ్మ