మణికట్టుకు వినిపించే మిషన్

బాలింకాలిగ్,
3 డిసెంబరు 2000, ఆదివారం.

శ్రీవారికి,

నమస్కారాలు. నేను క్షేమం. మీరు కూడా క్షేమమేనని రాశారు గానీ, ఈసారి ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. ఎందుకో కింద రాస్తాను. మీ అక్కగారు లక్ష్మీకాంతం వదినగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ పంపిన పెసరప్పడాలు మా ఆఫీసు పాండురంగ గారి ద్వారా అందాయి. సగం విరిగిపోయి వచ్చాయి, అయినా ఒక్క ముక్క కూడా పారేయలేదు.

మా ఆఫీసులో మనవాళ్లందరూ ఆదివారం పొద్దున్నే ఫోన్ కార్డులు పట్టుకుని ఇళ్లకు ఫోన్లు చేసుకుంటారు. నేను కాయితం, పెన్ను పట్టుకుని కూర్చుంటాను. జోజి వాళ్ల ఆవిడ మార్తా నన్ను చూసి, మీదే నయమండీ, మేం మాట్లాడింది సాయంత్రానికి మర్చిపోతాం అంది. ఓదార్పుకే అన్నదని తెలుసు. నిజానికి మీ గొంతు ఒక్కసారి వినాలని నాకూ ఉంటుంది. ఫోన్లో మీరు మాట్లాడితే నేను వినగలను, నేను మాట్లాడితే మీరు వినలేరు. అలాంటి ఫోన్ ఒకసారి చేసి చూశాం కదా, ఇద్దరం ఏడ్చి పెట్టేశాం.

మీరు అడిగినవాటికి జవాబులు. తిండికి లోటు లేదు. బియ్యం, కందిపప్పు, చింతపండు అన్నీ పక్కనున్న కార్క్ పట్నంలో దొరుకుతున్నాయి. వంటింటి అల్మారాని ఇక్కడ ప్రెస్ అంటారు. నా ప్రెస్‌లో పై అరంతా పచ్చళ్లే. చలి అంటే మంచు కాదు, వాన. సాయంత్రం నాలుగున్నరకే దీపాలు పెట్టేస్తారు. స్వెట్టరు వేసుకుంటున్నాను, వదినగారు అల్లింది కాదు, దాన్ని పాడవుతుందని దాచాను.

ఆఫీసులో నాతో ఎవరైనా మాట్లాడతారా అని అడిగారు. బోలెడు మాట్లాడతారు. వాన గురించి, బస్సు గురించి, మళ్లీ వాన గురించి. ఎలా ఉన్నావంటే గ్రాండ్ అనాలి. జ్వరం వచ్చినా గ్రాండే. కానీ ఒక సంగతి మీకు చెప్పలేదు. వచ్చిన కొత్తలో నేను ఎవరితో మాట్లాడాలన్నా ముందు మోచేతి మీద తట్టేదాన్ని. తర్వాత వెలుతురు నా మొహం మీద పడేలా తిరిగి, ఒక్కో మాటా పెదాలతో నింపాదిగా పలికేదాన్ని. ఆరేళ్లుగా మీతో మాట్లాడిన తీరు అది. పక్క సీటులో అమ్మాయి మొదట్లో ఉలిక్కిపడేది. నాకు ఇంగ్లీషు సరిగా రాదేమో, అందుకే నెమ్మదిగా మాట్లాడుతున్నానేమో అనుకుందట. ఇక్కడ ఎవరూ మనిషి మొహం చూసి మాట వినరు, స్క్రీన్ చూస్తూ వింటారు. మెల్లగా నేనూ మానేశాను. ఒకరోజు గోడవైపు తిరిగి వాళ్లకు జవాబు చెప్తున్నానని గమనించి, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

ఇక అసలు విషయం, మట్టిలో బంగారాన్ని పసిగట్టే మిషన్. నాలుగు ఉత్తరాలుగా అడుగుతున్నారు.

మీరు రాసి పంపిన లక్షణాలన్నీ నేను ఆఫీసు పనిలాగే వరసగా రాసుకున్నాను. రోజంతా ఊపినా చెయ్యి నొప్పిపుట్టని బరువు ఉండాలి. మన చేలో ఎర్రమట్టికి, ఇనుపరాళ్లకు మోసపోకూడదు. పలుగురాళ్ల మధ్య బియ్యపు గింజంత బంగారమున్నా పట్టుకోవాలి. బంగారు గనిలో పన్నెండేళ్లు రాళ్లు చూసిన మనిషి కోరికలు కదా, ఒక్కటీ తగ్గించడానికి లేదు. ఇంగ్లండు నుంచి క్యాటలాగు తెప్పించాను. చాలా మిషన్లు సముద్రపు ఒడ్డున నాణేలు వెతుక్కునేవాళ్ల కోసం చేసినవి. గింజంత బంగారం పట్టేవి మూడే కనిపించాయి. ముల్లు ఉన్న మిషన్ మీకు బాగుంటుందని మొదట అనుకున్నాను, చప్పుడు బదులు ముల్లు కదులుతుంది. కానీ ముల్లు చూస్తూ నడిస్తే కాళ్ల కింద గొయ్యి చూడరు. ఆ ఎండలో అద్దం తళతళలాడితే ముల్లూ కనపడదు. అందుకని అది వదిలేశాను.

అమ్మే ముసలాయన మంచివాడు. ఫోన్‌లోనే ఒక్కో మిషన్ మోగించి వినిపించాడు. వాటిలో ఒకటి ఇనుముకు గరగరమంటుంది, బంగారానికి సన్నగా, తియ్యగా మోగుతుంది. అది వినగానే ఇంకేమీ ఆలోచించలేదు, పంపమన్నాను. జూన్‌లో వచ్చింది. గొప్పగా జోజికి చూపించాను. జోజి గురించి ముందు ఉత్తరంలో రాశాను, గుంటూరు వాళ్లు, మా కంపెనీలోనే సర్క్యూట్లు చేసే విభాగంలో ఉంటాడు. అంతా విని అతనన్న మాట ఇది:

"మిషన్ సూపరండీ హేమగారూ. కాకపోతే ఆ సౌండు ఎవరు వింటారండీ?"

మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి. చెవులు వినపడని మొగుడికి నేను గొంతు బాగున్న మిషన్ ఎంచి కొన్నాను. ఎలా చేశానో ఆలోచిస్తే తర్వాత అర్థమైంది. గనిలో ఆ మందు పేలిన రోజు నుంచి మీ చెవులు నావే. కుక్కరు కూత, బస్సు హారను, గుమ్మంలో మనిషి, అన్నీ నేను విని మీ భుజం తట్టేదాన్ని. ఈ మిషన్ కొనేటప్పుడు కూడా నా కళ్ల ముందున్నది అదే. చెవులకు పెట్టుకునేవి నేను పెట్టుకుంటాను, మిషన్ మీరు ఊపుతారు, మోగగానే నేను భుజం తడతాను, మీరు తవ్వుతారు. ఐదువేల మైళ్ల దూరంలో కూర్చుని ఇద్దరు మనుషుల మిషన్ కొన్నాను.

జోజి దానికి మందు కనిపెట్టాడు. పాత పేజర్లో వణికే చిన్న మోటారుంటుంది. అది తీసి, చెవులకు పెట్టుకునేవి గుచ్చే కన్నానికి తగిలించాడు. చప్పుడు వచ్చినప్పుడల్లా మోటారు వణుకుతుంది. మొదట్లో పెద్ద తంటా అయింది. మోటారు దగ్గరికి వస్తే మిషన్ దాన్నే లోహమనుకుని మోగేది, మోగితే మోటారు వణికేది, వణికితే ఇంకా మోగేది. చివరికి పొడుగు తీగ వేసి, మోటారుని వాచీ పట్టీకి కుట్టి ఎడమ చేతికి పెట్టాడు. మిషన్ కుడి చేతిలో ఉంటుంది. చిన్న చప్పుడుకు కొంచెంగా, పెద్ద చప్పుడుకు గట్టిగా వణికేట్టు చేయడానికి అతనికి ఆరు ఆదివారాలు పట్టింది.

పరీక్షించడానికి ఒకసారి మార్తా వాళ్లతో కలిసి ట్రాలీ అనే ఊరు దాటి సముద్రం దగ్గరికి తీసుకెళ్లాను. పది నిముషాలకే గార్డు వచ్చాడు. ఇక్కడ పోలీసుని గార్డ్ అంటారు. ఈ దేశంలో పాతకాలపు వస్తువులు వెతకడానికి ఇలాంటివి వాడాలంటే ప్రభుత్వం అనుమతి కావాలట. నేను వెతకడం లేదు, మా ఆయన కోసం చూస్తున్నానని చెప్పాను. ఆయన చుట్టూ చూసి, మీ ఆయన ఇక్కడ తప్పిపోయాడా అని అడిగాడు. మార్తా నవ్వు ఆపుకోలేకపోయింది. కారులో పెట్టేసుకోండి, గ్రాండ్, అని మర్యాదగానే చెప్పి వెళ్లాడు.

అందుకని ఇంటివాళ్లావిడ ఒప్పుకున్నాక పెరట్లోనే పరీక్ష పెట్టాను. బియ్యపు గింజంత బంగారం నా దగ్గర ఒక్కటే ఉంది, నా ముక్కుపుడక. దాన్ని తీసి, రెండంగుళాల లోతున పాతాను. మీరు ఎలా ఉంటారో అలాగే ఉండి చూడాలని చెవుల్లో దూది పెట్టుకుని, పైన ఉన్ని టోపీ లాక్కున్నాను. పక్కింటి కుక్క నోరు తెరుస్తోంది, చప్పుడు లేదు. ఇంటివాళ్లావిడ కిటికీ దగ్గర నిలబడి నాతో ఏదో అంటోంది, నా వెనక ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆరేళ్లు మీ పక్కనే ఉన్నాను గానీ, ఈ భయం ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదండీ. తర్వాత మిషన్ ఊపుకుంటూ నడిచాను. గులాబీ చెట్టు పక్కన నా ఎడమ మణికట్టు చిన్నగా వణికింది. ఆగాను. వెనక్కి వచ్చాను. మళ్లీ వణికింది. తవ్వితే ముక్కుపుడక దొరికింది.

ఇక్కడిదాకా రాసి లేచి టీ పెట్టుకొచ్చాను. మిగిలింది రాయాలి.

ఆ పరీక్ష జరిగింది ఆగస్టు నెలలో. సెప్టెంబరు ఉత్తరంలో మిషన్ ఇంకా తయారు కాలేదని రాశాను. అక్టోబరులో జోజికి తీరిక లేదని రాశాను. రెండూ అబద్ధాలు. మిషన్ ఆగస్టు నుంచీ నా ప్రెస్‌లో కింది అరలో, దుప్పటి చుట్టి ఉంది. ఆ మధ్యలో మనవాళ్లు ఇద్దరు బెంగళూరు వెళ్లొచ్చారు, ఏమైనా పంపాలా అని అడిగారు కూడా. ఏమీ లేదన్నాను.

ఎందుకంటే మణికట్టు వణికినప్పుడు నేను సంతోషపడలేదు. ఇక ఈయనకు నేనెందుకు అనిపించింది. మీతో ఉన్నప్పుడు, ఒక్కరోజు నన్ను వదిలి ఉండలేరా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో మీకు గుర్తే. ఇక్కడికి వచ్చాక నాకు చెప్పుకోవడానికి మిగిలింది అదొక్కటే, నేను లేకపోతే ఒక మనిషికి జరగదు అన్నది. దుర్బుద్ధి ఇంకొకటి కూడా ఉంది. మిషన్ లేకపోతే వెతికి వెతికి విసిగి, చేను వదిలి నా దగ్గరికి వచ్చేస్తారనుకున్నాను. నాకు తెలుగు పెదాలే చదవడం వచ్చు, అక్కడి పెదాలు రావు అని మీరు రానన్నప్పుడు సరేనన్నాను గానీ, మనసులో ఒప్పుకోలేదు.

మీ ఉత్తరంలో కాలు బెణికిందని ఒక్క ముక్క రాశారు. అదే కవరులో, మీకు తెలియకుండా, వదినగారు ఒక చీటీ పెట్టారు. కోప్పడకండి. ఆవిడ రాసింది రాసినట్టే ఇక్కడ దించుతున్నాను:

"యాడుందో తెలీక చేనంతా గుంతలు తవ్వుతాండాడు. నిలువెత్తు గుంతలో పెళ్ల ఇరిగి మింద పడింది. నడుం దాంకా కూరుకుపోయినాడు. గొర్రెలోళ్లు పైనుంచి అరిసినారంట, ఈయనకు యినపడితే కదా. వాళ్లే లాగినారు. ఆ మిషనేదో బిరీన పంపు తల్లీ."

అది జరిగింది అక్టోబరు పదిహేనున. మిషన్ చేతిలో ఉంటే ఆ గుంతలు తవ్వేవారు కాదు. ఎక్కడ మోగితే అక్కడ జానెడు తవ్వి చూసుకునేవారు. ఆ చీటీ చదివి వారమైంది. జోజికి, మార్తాకు కూడా చెప్పలేకపోయాను. వాళ్లు అన్నం పెడితే తిని వచ్చాను. మీరు బెణికిందని దాచారు, అది నేను దిగులు పడతానని. నేను దాచింది నా కోసం. రెండూ ఒకటి కావు. మట్టి ఇంకొంచెం పడి ఉంటే ఈ ఉత్తరం ఎవరికి రాసేదాన్ని? నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

పాండురంగ గారు గురువారం మళ్లీ బెంగళూరు వస్తున్నారు. మిషన్ మూడు ముక్కలుగా విప్పి ఆయన పెట్టెలో పెట్టాను. ఆయన దగ్గర తీసుకుని ఊరికి తెచ్చేటప్పుడు బస్సులో ఎవరైనా అడిగితే పొలం పని సామాను అని చెప్పండి. పట్టీ ఎడమ చేతికే పెట్టుకోండి. పొద్దున్నే మట్టి మీద ఒకసారి పైకీ కిందకీ ఊపి, వణుకు ఆగేదాకా చిన్న మర తిప్పండి, అప్పుడు ఇనుపరాళ్లు సతాయించవు. నడుం లోతు దాటి మాత్రం తవ్వనని వదినగారి ముందు ఒట్టు పెట్టండి. పక్కన మనిషి లేకుండా గుంతలో దిగకండి. మణికట్టుకు బంగారం వినిపిస్తుంది గానీ, పెళ్ల విరిగేది వినిపించదు.

ఇంకొక్క సంగతి ఉంది. జనవరి నెలాఖరుకు ఇక్కడ నా కాంట్రాక్టు మళ్లీ సంతకం చేయాలి, లేదా వచ్చేయాలి. ఏం చేస్తావని మీరు అడగలేదు, నేనూ చెప్పలేదు. మిషన్ అందాక నెల రోజులు చేలో వాడి చూడండి. నేను లేకుండా అన్నీ జరుగుతున్నాయో లేదో చూసుకోండి. జరుగుతాయి, నాకు తెలుసు. అప్పుడు నాకు ఉత్తరం రాయండి. వినడానికి మనిషి కావాలి, గుంత పక్కన కాపలా కావాలి, వదినగారికి సాయం కావాలి అని మాత్రం రాయకండి. ఏ పనీ చెప్పకుండా ఊరికే రమ్మని రాస్తే, సంతకం పెట్టకుండా వచ్చేస్తాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
హేమమాలిని