లాకుల మీద నాన్న, వార్డులో నేను

సలాలా,
శుక్రవారం.

నాన్నగారికి, అమ్మకి మీ పెద్దమ్మాయి జ్యోతి నమస్కరించి రాసేది. నేనిక్కడ బాగున్నాను. మీరిద్దరూ, తమ్ముడూ బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? "పర్లేదు" అని కాకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకండి. ఇది ఫోన్లో చెప్పబోతే ఏడుపొచ్చేస్తుంది. మా హాస్టల్లో ఉండే పామర్రు అమ్మాయి సెలవుకి వస్తోంది, ఆమె చేతికిస్తున్నాను.

ఒమన్ అంటే అంతా ఎడారే అన్నారుగానీ ఈ ఊళ్ళో ఇప్పుడు రోజంతా సన్న తుంపర. రోడ్డు పక్కన కొబ్బరిచెట్లు, అరటితోటలు. మొదటిరోజు బస్సులోంచి చూసి అవనిగడ్డ వచ్చేసిందేమో అనుకున్నాను. అన్నం వండుకుంటున్నాను, కడుపునిండా తింటున్నాను, అమ్మని బెంగపడొద్దనండి. సాయంత్రం గదికి వస్తే పలకరించేవాళ్ళుండరు, అదొక్కటే.

నేను నర్సింగ్ పిల్లలకి పాఠాలు చెప్తున్నానని తెలుసుగా. డ్యూటీ దిగే నర్సు, రోగి సంగతులన్నీ డ్యూటీ ఎక్కే నర్సుకి ఎలా అప్పజెప్పాలో కూడా నేనే నేర్పాలి. వినడానికి తేలికే. వచ్చిన నెలకే నా తల తిరిగిపోయింది.

మర్యమ్ అని ఒక పిల్ల. చురుకైనదే, కానీ మహా బిడియం. ఒకరోజు సీనియర్ నర్సు గబగబా చెప్తుంటే అన్నిటికీ తలూపింది. తీరా ఒక ముసలమ్మకి అప్పటికే ఇచ్చేసిన షుగర్ ఇంజెక్షన్ మళ్ళీ ఇవ్వబోయింది. ఆ ముసలమ్మే చెయ్యి వెనక్కి లాక్కుని "ఇందాకే చేశారు కదమ్మా" అంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ప్రాణం మీదికొచ్చేది. ఇక ఈ పిల్లని వార్డులోకి రానివ్వనని హెడ్ నర్సు పట్టుబట్టింది. వార్డు లేకపోతే మర్యమ్ చదువు అక్కడితో సరి. రెండు వారాలు గడువిమ్మని బతిమాలుకున్నాను.

"అర్థం కాకపోతే మళ్ళీ అడగొచ్చుగా?" అన్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మా అమ్మంత ఆవిడని మళ్ళీ చెప్పమంటే తప్పు కాదా మేడమ్?" అంది. అచ్చం మనలాగే నాన్నా! పెద్దవాళ్ళు ఏం చెప్పినా అర్థం కాకుండానే "అలాగేనండీ" అనేస్తాం.

అప్పుడు మీరు గుర్తొచ్చారు. బడి వదిలాక మీ సైకిలెక్కి ఇంటికి పోదామని, మీరు కాలవ నీళ్ళకి తలుపులు ఎత్తి దించే లాకుల దగ్గర నేను కాచుక్కూర్చునేదాన్ని. డ్యూటీ అయిపోయినా మీరు కదిలేవారు కారు. తర్వాతి డ్యూటీకొచ్చిన వెంకటేశ్వర్లు మావయ్యని తలుపుల దాకా తీసుకెళ్ళి, ఏది ఎంత ఎత్తారో చూపించి, "ఇప్పుడు నువ్వు చెప్పు బావా" అనేవారు. ఆయన విసుక్కుంటూ, "రెండు ఎత్తున్నాయి, మూడోది సగం దించావు, కింద నారుమళ్ళున్నాయి, పొద్దుటిదాకా ముట్టుకోకూడదు. చాలా? ఇంక ఇంటికెళ్ళు బాబూ!" అనేవాడు. ఒకరోజు నాకు ఆకలి మండి, "మా నాన్నది చాదస్తం మావయ్యా" అన్నాను. ఇద్దరం పగలబడి నవ్వాం. మీరు కోప్పడలేదు. దారిలో సైకిలు తొక్కుతూ, "నేను చెప్పేస్తే అయిపోద్దా అమ్మా? ఆయనకి ఎక్కిందో లేదో చూసుకోవద్దూ? తేడా వస్తే ఎవరి నారు కుళ్ళిపోద్దో!" అన్నారు.

పుస్తకం మూసేసి పిల్లలకి ఈ సంగతే చెప్పాను. రోగి మంచం దగ్గర నిలబడి, విన్నది తిరిగి చెప్పాకే డ్యూటీ ఎక్కాలన్నాను. "మా నాన్న తనకన్నా పెద్దాయన్నే అడిగేవారు, అదేం అమర్యాద కాదు" అన్నాను. రోజూ నేనే సీనియర్‌నై మర్యమ్‌తో తిరిగి చెప్పించాను.

మొన్న బుధవారం హెడ్ నర్సు స్వయంగా వచ్చి పక్కన నిలబడింది. మర్యమ్ విన్నదంతా తిరిగి చెప్పి, "ఇంజెక్షన్ ఇచ్చారో లేదో చెప్పలేదండీ" అని సీనియర్‌ని అడిగింది. ఆవిడ నాలిక్కరుచుకుని, "ఇచ్చేశాను, చెప్పడం మర్చిపోయాను" అంది. హెడ్ నర్సు మర్యమ్ పేరు వార్డు లిస్టులో రాసేసింది.

ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి, "మీ నాన్నగారికి థాంక్స్ చెప్పండి మేడమ్" అంది. అది మీకు అందించడానికే ఈ ఉత్తరం. మీరు చదివించబట్టి నర్సునయ్యాను. మీ పని చూడబట్టి పాఠం చెప్పగలుగుతున్నాను. ఆరోజు నవ్వినందుకు మన్నించండి నాన్నా.

అమ్మని బందరు తీసుకెళ్ళి మోకాలు చూపించండి. మీరు కళ్ళజోడు మార్చుకోండి. పామర్రు అమ్మాయి తిరిగొచ్చేటప్పుడు కాసిని ఎండు రొయ్యలు పంపండి. వెంకటేశ్వర్లు మావయ్యకి నా నమస్కారాలు, తమ్ముడికి ముద్దులు. మీ ఇద్దరి చల్లని దీవెన నా మీద ఉంటే చాలు.

ఉత్తరం చదివాక ఫోన్ చేసి, నేను అడిగిన మూడూ మీ నోటితో తిరిగి చెప్పండి. "అలాగేలేమ్మా" అంటే ఫోన్ పెట్టనివ్వను.

మీ కూతురు,
జ్యోతి