మూడు వందల లీటర్ల సముద్రం

నవంబర్ 6, బుధవారం

డాక్టర్ సన్నటి కెమెరా గొంతులోకి పంపి తెర మీద చూపించాడు. స్వరతంత్రి మీద ఎర్రటి బొబ్బ. రక్తం చేరిందట. పదహారేళ్ళుగా ఫ్యాన్ల చప్పుడు మీద, పక్క క్లాసు గోల మీద, ఫిజికల్ సైన్స్ అరిచి చెప్పినందుకు మిగిలింది ఇది.

మూడు వారాలు ఒక్క మాట వద్దన్నాడు. గుసగుస కూడా వద్దట, అది ఇంకా చెడ్డదట. ఇరవై ఏడున మళ్ళీ చూస్తాడు. తగ్గకపోతే ఆపరేషన్.

ఆ తర్వాత ఇదే గొంతు వస్తుందా అని కాగితం మీద రాసి అడిగాను. చూద్దామన్నాడు.

నవంబర్ 7, గురువారం

బీరువా సర్దాను. మళ్ళీ తీసి మళ్ళీ సర్దాను.

నవంబర్ 9, శనివారం

మా ఆయన నరసింగరావు సాలూరు నుంచి వచ్చాడు. అక్కడ లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మేనేజరు. శనివారం విజయనగరం వచ్చి సోమవారం తెల్లవారే పోతాడు. నేను మాట్లాడటం మానేస్తే ఆయన కూడా మానేశాడు. ఎందుకని రాస్తే, "ఒక్కణ్ణే వాగుతుంటే పిచ్చోడిలాగున్నాది" అన్నాడు.

ఈ మూడు రోజుల్లో కర్టెన్లు ఉతికాను, గ్యాస్ స్టవ్ విప్పి తోమాను, మేడ మీది ట్యాంకు కడిగాను. గజపతినగరంలో మా స్కూలుకి వెళ్ళే బస్సు టైముకి రోజూ మెలకువ వచ్చేస్తోంది. లేచి చీర కట్టుకుని కూర్చుంటున్నాను, వెళ్ళే చోటు లేకపోయినా.

మధ్యాహ్నం ఫోన్లో పాత సామాన్ల పేజీ తిప్పుతుంటే కనబడింది. 'మెరైన్ ట్యాంక్, నాలుగడుగులు, రన్నింగ్ కండిషన్. రెండు క్లౌన్ చేపలతో సహా. ఇల్లు మారుతున్నాము. అరసవల్లి.' ఫోటో మసక. నీలం వెలుగు, రాళ్ళు, మధ్యలో రెండు నారింజ మచ్చలు. పావుగంట చూశాను. బుధవారం నుంచి పావుగంట కదలకుండా కూర్చున్నది ఇదే మొదలు.

నరసింగరావు భుజం మీంచి తొంగి చూశాడు. "చేపలే కావాలంటే రెండు గోల్డ్ ఫిష్‌లు తెచ్చి సీసాలో ఎట్టుకో. ఉప్పునీళ్ళ గోల మనకేటి" అన్నాడు. అప్పటికే రేపు వస్తున్నానని మెసేజ్ పెట్టేశాను.

నవంబర్ 10, ఆదివారం

కార్తీక ఆదివారం అరసవల్లిలో ఆటో కదలలేదు. దర్శనానికి వచ్చిన జనం మధ్య దిగి నడిచాను.

అమ్మే ఆయన పేరు విక్టర్. అరవై అయిదు ఉంటాయి. ఓడల ఇంజన్ రూముల్లో ఇరవై ఏడేళ్ళు ఫిట్టరుగా చేశారట, ఆ చప్పుడుకి చెవులు పోయాయి. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు, తెల్ల చొక్కా విప్పలేదు. నేను మాట్లాడకూడదు, ఆయనకి వినపడదు. పాత క్యాలెండర్ కాగితాల వెనక రాసుకుంటూ గంటసేపు వ్యాపారం చేశాం. బేరం ఆడలేదు. బేరానికి నోరు కావాలి.

భార్య పోయాక ఇంత ఇల్లు ఎందుకని మూడో అంతస్తులో రెండు గదులు తీసుకున్నారట. మూడు వందల లీటర్ల నీళ్ళ బరువుకి ఆ ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు. చేపలు రెండూ తొమ్మిదేళ్ళుగా ఆయన దగ్గరే ఉన్నాయి. పెద్దది ఆడది. ఆయన గాజు దగ్గరికి వెళ్తే అది ముందుకొచ్చి వేలిని గాజు మీదుగా పొడుస్తుంది. దాన్ని పెద్దమ్మ అంటారు. చిన్నదానికి పేరు లేదు. "అది దీని మొగుడు, అంతే" అన్నారు.

రాళ్ళ గురించి మాత్రం రాయలేదు, గట్టిగా నోటితోనే చెప్పారు. "రాయంటే ఒట్టి రాయి కాదమ్మా. దాన్లో బాక్టీరియా ఉంటాది. చేప మురికిని అదే తింటాది. అది చచ్చిందంటే నీళ్ళన్నీ విషం." చెప్పాక కాగితం మీద కూడా రాసి రెండు గీతలు కొట్టారు: రాళ్ళు కడగొద్దు.

సైన్స్ టీచర్ని, ఇది నాకు చెప్పాలా అన్నట్టు తల ఊపాను.

నవంబర్ 12, మంగళవారం

నరసింగరావు సాలూరు నుంచి చిన్న వ్యాన్, ఇద్దరు మనుషుల్ని పంపాడు. పాత నీళ్ళు సగం డ్రమ్ముల్లో, రాళ్ళు ఆ నీళ్ళలోనే, చేపలు థర్మాకోల్ పెట్టెలో నా ఒళ్ళో. రణస్థలం దగ్గర ఒకసారి, డెంకాడ దగ్గర ఒకసారి మూత తీసి చూశాను. మిగతా సగానికి విక్టర్ గారిచ్చిన సముద్రపు ఉప్పు ప్యాకెట్టు ఫిల్టర్ నీళ్ళలో కలిపి పోశాను. ప్యాకెట్టు అయిపోయింది.

సాయంత్రానికి పంపు తిరిగింది. లైటు వెలిగింది. వంట చేస్తూ పదిసార్లు వచ్చి చూశాను. అన్నం మాడింది.

నవంబర్ 13, బుధవారం

కడిగేశాను.

ఉదయం నుంచి వాసన. రాళ్ళ మీద గోధుమరంగు జిగురు, ఫిల్టర్ స్పాంజి నల్లగా ముద్ద. కాగితం టేబుల్ మీదే ఉంది, రెండు గీతలతో సహా. ఒంటరి మగమనిషి, ఆయనకి మురికి ఎక్కడ కనబడుతుందిలే అనుకున్నాను. చేతులు ఊరుకోలేదు. ఒక్కొక్క రాయీ తీసి మునిసిపల్ కుళాయి కింద బ్రష్‌తో తోమాను. స్పాంజిని నల్లనీళ్ళు పోయేదాకా పిండాను.

ఇప్పుడు అద్దంలా ఉంది. ఒక పని చేశానన్న తృప్తి.

నవంబర్ 15, శుక్రవారం

విక్టర్ గారిచ్చిన కిట్‌తో అమోనియా టెస్ట్ చేస్తే చిన్న గాజుగొట్టంలో నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. పసుపు ఉండాలి. ఫోటో తీసి విక్టర్ గారికి పంపాను. ఒక్కటే అడిగారు: రాళ్ళు కడిగావా?

లేదని రాశాను.

నవంబర్ 16, శనివారం, ఉదయం 6

పెద్దమ్మ పైకి వచ్చేసింది. నీళ్ళ అంచున నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. చిన్నది కింద మూలలో నక్కింది. విక్టర్ గారు మెసేజ్ పెట్టారు, సగం నీళ్ళు ఇప్పుడే మార్చమని. ఉప్పు లేదు. ఆన్‌లైన్లో అయిదు రోజులంటున్నారు. ఊళ్ళో చేపల షాపులో గోల్డ్ ఫిష్‌ల మేత తప్ప ఇంకేమీ లేదు.

సముద్రం నలభై కిలోమీటర్లు. ట్రాలీ ఆటో పిలిచాను.

అదే రోజు, సాయంత్రం 5

వరసగా రాయాలి.

సముద్రం ఒడ్డున చింతపల్లిలో, చేపలు పట్టే దాలయ్య ఇంటికి వెళ్ళాను. పూసపాటిరేగ హైస్కూల్లో పనిచేసినప్పుడు ఆయన కూతురు అప్పలమ్మ నా క్లాసు. ఇప్పుడు ఇంటర్. నేను రాసిన కాగితం ఆ పిల్లే తండ్రికి చదివి వినిపించింది. దాలయ్య నవ్వాడు. "ఏటి టీచరమ్మా, రెండు చేపల కోసం ఇంత దూరమొచ్చినారా. నాం రోజూ ఎన్ని సంపుతన్నామో లెక్కే లేదు" అన్నాడు. అంటూనే డ్రమ్ములు ఎత్తుకున్నాడు.

ఒడ్డున నీళ్ళు బురదగా ఉన్నాయి. అల్పపీడనం, రెండు రోజులుగా గాలి. వేటకి వెళ్ళొద్దని చెప్పారట, పడవలన్నీ ఇసక మీదే ఉన్నాయి. దాలయ్య అలలవైపు చూసి, "ఆ కెరటాలు దాటితే తేటగుంతాది. ఇలాగెళ్ళి అలాగొచ్చెత్తాను" అని ఇంకో మనిషిని పిలిచి పడవని నీళ్ళలోకి తోసేశాడు. వద్దని రాయటానికి కలం వెతికాను. రాసేసరికి ఆయన నడుముల్లోతు నీళ్ళలో ఉన్నాడు. కాగితం అప్పలమ్మకి ఇచ్చాను. ఆ పిల్ల అరిచింది, గాలి తిరిగి మా మొహానే కొట్టింది.

దాలయ్య పడవెక్కేశాడు. ఆ రెండో మనిషి కెరటం దెబ్బకి పట్టు వదిలి వెనక్కి వచ్చేశాడు. రెండో కెరటానికి పడవ మూతి ఆకాశంలోకి లేచింది. లోపల నా నీలం డ్రమ్ము దొర్లటం కనబడింది. నా డ్రమ్ము.

అరిచాను. మొదటిసారి ఒట్టి గాలి వచ్చింది. రెండోసారి ఏదో చిరిగినట్టయింది. మూడోసారి వచ్చింది, నా గొంతు, క్లాసు వెనక బెంచీకి వినపడే గొంతు. "దాలయ్యా, వద్దు, వచ్చెయ్."

ఆయన తల తిప్పాడు. తెడ్డు తిప్పాడు. పడవ అడ్డంగా ఊగి, నీళ్ళు ఎక్కి, చివరికి ఒడ్డుకి గుద్దుకుంది. అప్పలమ్మ నా మణికట్టు పట్టుకునే ఉంది. వేళ్ళ గుర్తులు ఇంకా పోలేదు.

దాలయ్య లుంగీ పిండుకుంటూ, "బళ్ళో మీరు కేకేస్తే రోడ్డు మీదికినపడేదని మా పిల్ల సెప్పేది. అబద్దం కాదు" అన్నాడు. డ్రమ్ము పడవలోంచి దించి అన్నాడు, "నీళ్ళే గదా కావాల. మా బామ్మర్ది నాగబాబు రొయ్యపిల్లల హేచరీలో వాచ్‌మేను. ఆళ్ళు సముద్రం నీళ్ళు వొడగట్టి ట్యాంకులికెత్తుతారు. కుళాయి తిప్పితే వస్తాది."

మరి ముందే ఎందుకు చెప్పలేదని రాశాను. "మీరు సముద్రం నీళ్ళన్నారు. నాను సముద్రంలోకెళ్ళినాను" అన్నాడు.

నాగబాబు మందు కలపని ట్యాంకులోంచి డ్రమ్ములు నింపి ఇచ్చాడు. మూడింటికి ఇంటికి చేరాను. అప్పటికే వచ్చి ఉన్న నరసింగరావు బకెట్లు అందించాడు. సగం నీళ్ళు మార్చాం.

గొంతులో ఇసక పోసినట్టుంది. అరిచిన సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.

నవంబర్ 17, ఆదివారం

తెల్లవారేసరికి పెద్దమ్మ పంపు పక్కన వాలిపోయి ఉంది. చిన్నది దాని చుట్టూ తిరుగుతోంది. తీసి స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. పారెయ్యటానికి చెయ్యి రాలేదు.

రెండు గంటలకి బెల్ మోగింది. విక్టర్ గారు. చర్చి నుంచి తిన్నగా బస్సెక్కి వచ్చారట. చేతిసంచిలో తడి న్యూస్‌పేపర్లు చుట్టిన రాయి ఒకటి ఉంది. ఈ ట్యాంకులోదే, గుర్తుగా ఉంటుందని తన దగ్గర బకెట్లో ఉంచుకున్నారట.

ఆయన ట్యాంకు చూశారు. తెల్లటి రాళ్ళు చూశారు. నా వైపు చూడలేదు. నేను కాగితం మీద రాశాను: కడిగాను. బుధవారం. మీకు అబద్ధం రాశాను.

చదివి కళ్ళజోడు తీశారు. చొక్కా అంచుతో తుడుస్తూ అన్నారు, "కడిగినందుక్కాదు. కొత్తవాళ్ళెవరైనా కడుగుతారు. లేదని ఎందుకు రాసినావు? కడిగానని రాసుంటే శుక్రవారమే ఈ రాయి పట్టుకొచ్చుందును. అది బతికుండును." సంచి అక్కడే వదిలి బయటికి వెళ్ళిపోయారు. వెనక పరిగెత్తబోతే నరసింగరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒగ్గీ. ఆయన్ని కాసేపు నడవనీ."

అరగంటకి తిరిగి వచ్చారు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకోకుండా, ఆ రాయిని తనే నీళ్ళలో దించి, చిన్నదానికి దగ్గరగా సర్దారు. కాఫీ తాగలేదు. చేప ఎక్కడుందని అడిగారు. డబ్బా తెచ్చి ఇచ్చాను. మూత తీసి చూసుకుని, జేబురుమాల్లో చుట్టుకుని, చొక్కా జేబులో కాదు, చేతిలోనే పట్టుకుని వెళ్ళిపోయారు.

రాత్రి నరసింగరావుకి అంతా రాసి ఇచ్చాను. చింతపల్లి కేకతో సహా. చదివి మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

నవంబర్ 21, గురువారం

ఉప్పు ప్యాకెట్లు వచ్చాయి. ట్యాంకులో రాళ్ళ జోలికి వెళ్ళకుండా ఉండటానికి దుప్పట్లు ఉతికాను.

నవంబర్ 24, ఆదివారం

గొట్టంలో పసుపు. ఫోటో పంపాను. విక్టర్ గారి జవాబు: 'మేత సగం చెయ్యి.' వారం తర్వాత ఆయన నుంచి వచ్చిన మొదటి మాట.

నవంబర్ 27, బుధవారం

డాక్టర్ తెర మీద చూస్తూ, మధ్యలో అరిచావా అన్నాడు. మూడుసార్లు అని వేళ్ళు చూపించాను. కోపంగా, ఎందుకన్నాడు. మనిషి పోతాడేమోనని రాశాను. చదివి కాగితం నాకు తిరిగి ఇచ్చేశాడు. బొబ్బ తగ్గలేదు, పెరగలేదు. ఇంకో రెండు వారాలు. ఈసారి నిజంగా, అన్నాడు.

బస్టాండులో విజయనగరం బస్సు దొరికినా ఎక్కలేదు. మూడు బస్సులు వదిలేశాను.

డిసెంబర్ 3, మంగళవారం

చిన్నది ఈరోజు నా వేలి వెంట వచ్చింది. తెలియక చేసిందేమో.

డిసెంబర్ 11, బుధవారం

ఆపరేషన్ అక్కర్లేదు. 'ఆ' అనమన్నాడు. అన్నాను. ఎవరో వెనకనుంచి అన్నట్టుంది. కింది స్థాయి, బొంగురు, మగగొంతుకి దగ్గర. ఇలాగే ఉంటుందా అంటే, చాలావరకు ఇంతే అన్నాడు. పాత గొంతుతో ఇక క్లాసు చెప్పలేను. మెడలో మైకు వేసుకోవాలి, రోజుకి మూడు పీరియడ్లు మించకూడదు. హెడ్‌మాస్టర్ మురళీమోహన్ గారికి ఫోన్ చేశాను. ఎవరండీ మాట్లాడేది అన్నారు. ఝాన్సీనండీ అన్నాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

సోమవారం చేరుతున్నాను.

ఏడవలేదు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

డిసెంబర్ 15, ఆదివారం

పొద్దున్న విక్టర్ గారు తెచ్చిన రాయి సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. దారమంత సన్నం, చారలు, అంచున నూగు. ఇసకలో తడిమి, మేత గింజ ఒకటి చుట్టుకుని లోపలికి పోయింది. కాసేపటికి రెండు చేతులు. విక్టర్ గారికి వీడియో పంపితే, నక్షత్రచేప లాంటిదేదో, తొమ్మిదేళ్ళలో తనెప్పుడూ దీన్ని చూడలేదన్నారు. ఎవరూ కొనలేదు. ఎవరూ పెంచలేదు.

నరసింగరావు పెరట్లో ఉన్నాడు. ఈ బొంగురు గొంతుతోనే పిలిచాను.

వచ్చాడు.