లాంజిలో పెళ్ళిచూపులు

బెళుగుప్ప,
ఆదివారం.

శ్రీవారికి మీ తిరుపాలమ్మ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మన పిల్ల నందినీ, పాలిచ్చే ఎనుములూ బాగున్నాం. ఆ మంచుకొండల్లో మీరు కూడా స్వెట్టరు విప్పకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ క్యాంపులో ఫోను అందకపోవడమే మంచిదైంది. అంది ఉంటే ఈ సంగతి చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబు రాస్తాను. వాన పడింది, చెనిక్కాయ చేను ఊడలు దిగుతోంది, కాయ బాగా పడేట్టుంది. బోరులో నీళ్ళున్నాయి. నా మోకాలు మాత్రం మీలాగే, చెప్పిన మాట వినదు.

ఇక నందిని మనసుపడిన ఆ అభిలాష్ సంగతి. "గరిటె పట్టేవాడికి పిల్లనిస్తామా? సరే, చూసి రా. నేను సెలవు మీద వచ్చి తేల్చేదాకా వాళ్ళ చేతి కూడు మాత్రం ముట్టొద్దు" అని రాశారు. సంబంధం ఖాయం కాకముందే వాళ్ళింట్లో తింటే మాట ఇచ్చినట్టేనని నాకు తెలియదా? అందుకే కణేకల్‌లో వాళ్ళింటికి రమ్మన్నా పోలేదు. అబ్బాయి పనిచేసే అనంతపురం ఓటల్లోనే కలుద్దామన్నాం. ఓటలు ఎవరిల్లూ కాదు, అక్కడ తింటే తప్పులేదని మీ అన్న లింగప్ప బావగారే తీర్పు చెప్పారు.

ఆ ఓటలు మీరు చూడాలి! బయట ఎండ మండిపోతుంటే లోపల మసకచీకటి. "ఏమప్పా, కరెంటు పోయిందా?" అని బావగారు సర్వరును అడిగారు. కూర్చుంటే లేవలేనంత మెత్తటి సోఫాలు. దాన్ని లాంజి అంటారట. ఆసియా వంటలూ, లాటిన్ అమెరికా వంటలూ కలిపి చేస్తారని నందిని చెప్పింది. నాకు అర్థమైనంతలో, మొక్కజొన్న రొట్టె మడిచి, అందులో కొరియావాళ్ళ పులిసిన క్యాబేజీ పెట్టి, పైన వేయించిన చెనిక్కాయలూ ఎండుమిరపకాయలూ నూరి పోశారు. అచ్చం మనం రోట్లో నూరుకునే ఊరిబిండి వాసనే. మామిడికాయ రసమిచ్చే గ్లాసు అంచుకు ఉప్పూ కారం పూశారు. బావగారు రసం పక్కనపెట్టి అంచంతా నాకారు.

ఆయన రొట్టె నోట్లో పెట్టుకోబోతుండగా అబ్బాయి తల్లి చౌడేశ్వరి మురిసిపోతూ, "తినన్నా, అన్నీ మావోడే చేసినాడు. పొద్దున్నించీ పొయ్యికాడే ఉండాడు" అంది. పెళ్ళిచూపుల రోజు పెళ్ళికొడుకు పొయ్యి దగ్గర ఉంటాడని ఎవరనుకుంటారు చెప్పండి? బావగారు రొట్టె కింద పెట్టేసి, "మా తమ్ముడు రానీమ్మా, అప్పుడు తింటాము" అన్నారు. ఆమె ముఖం చిన్నబోయింది.

ఇంతలో అబ్బాయి ఏప్రాన్‌తోనే బయటికొచ్చాడు. "నేనే మర్సిపోయినా అత్తా. మా తట్టు గూడా ఇదే పద్ధతి. తినొద్దులే. ఉప్పు సరిపోయినాదో లేదో వాసన చూసి చెప్పు, సాలు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నందిని నవ్వలేదు. ఆ అబ్బాయి వైపు కూడా చూడలేదు, నా చేతివైపే చూస్తూ కూర్చుంది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నేను తిన్నాను. మరిచిపోయి కాదు, బావగారు దగ్గుతూనే ఉన్నా తెలిసే తిన్నాను. మన పిల్ల అంత భయపడటం నేనెప్పుడూ చూడలేదు, నా ప్రాణం ఒప్పలేదు. అబ్బాయి నాకూ నచ్చాడు. ఉప్పు కొంచెం తక్కువైంది, ఆ మాట మొహంమీదే చెప్పాను. చౌడేశ్వరి "వదినా!" అంటూ నన్ను కావిలించుకుంది. బావగారేమో "మాట ఎట్లాగూ పాయ, ఇంగ రొట్టె ఎందుకు పోగొట్టుకోవల్ల?" అని తన ప్లేటుతోపాటు నా ప్లేటూ ఖాళీ చేశారు.

కోపమొస్తే నా మీద చూపండి, పడతాను. సంబంధం వద్దనాలనుకుంటే మాత్రం సెలవు పెట్టి రండి. నందిని ఎదురుగా కూర్చుని ఆ పిల్లవాడి చేతి రొట్టె ఒక్కటి తినండి. అప్పుడు వద్దనండి, చూద్దాం.

ఇట్లు,
మిమ్మల్ని అడక్కుండా మాటిచ్చేసిన మీ ఇల్లాలు,
తిరుపాలమ్మ